బంగారం కొన్నట్టు టార్చి లైటు కొనండి

చెన్నై టి. నగర్ ఉస్మాన్ రోడ్డులో నగ కొనే మనిషిని ఒకసారి గమనించండి. గాజు తలుపుల తూకం యంత్రం మీద అంకె నిలిచేదాకా కళ్లు తిప్పరు. రాళ్ల బరువు తీసేశారా, తరుగు ఎంత వేశారు, 916 ముద్ర ఎక్కడుంది, 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి చేసిన ఆరు గుర్తుల హెచ్‌యూఐడీ నంబరు భూతద్దంలో కనబడుతోందా, అన్నీ అడుగుతారు. అడగాల్సిందే. అదే మనిషి కాసేపటికి రంగనాథన్ వీధిలోకి తిరిగి, బల్ల మీద పేర్చిన టార్చి లైట్లలో ఒకటి అందుకుంటారు. పెట్టె మీద ‘1,00,000 లూమెన్లు, 100 వాట్లు, 1 కిలోమీటరు’ అని ఉంటుంది. ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: రెండొందల యాభై చెప్పావు, రెండొందలకిస్తావా?

టార్చి కొనేటప్పుడు కూడా నగ కొన్నంత పట్టు పట్టండి. నేను చెప్పబోయేవన్నీ ఆ ఒక్క మాటలోంచి వచ్చినవే. రెండొందల వస్తువు కోసం ఇంత హంగామా ఏమిటని మా ఇంట్లో వాళ్లే అంటారు. ముప్ఫై ఏళ్లు బడిలో ఫిజిక్స్ చెప్పినదాన్ని, నాకిది హంగామాగా తోచదు. నగల పెట్టె తెరిచేది ఇంట్లో దీపాలన్నీ వెలుగుతున్నప్పుడు. టార్చి కోసం తడుముకునేది ఏ దీపమూ లేనప్పుడు.

2015 డిసెంబరు మొదటి రోజు రాత్రి మేము వెస్ట్ మాంబళంలో కింది వాటాలో ఉన్నాం. వీధిలో నీళ్లు గడప దాటుతున్నాయి, కరెంటు తీసేశారు. అత్తగారిని పై అంతస్తుకి ఎక్కించాలి. చేతిలో అంతకు రెండు నెలల ముందు కొన్న టార్చి, పెట్టె మీద 5000 లూమెన్లు, పది గంటలు అని రాసి ఉన్నది. సామాన్లు మంచాల మీదికి ఎక్కించినంతసేపూ బాగానే వెలిగింది. ముప్పావు గంట కాకముందే, ఆవిడ మెట్ల మధ్యలో ఉండగా, నీలంగా మసకబారి ఆరిపోయింది. వెనకటి మూడు సెల్లుల బ్యాటరీ లైటు అయితే మెల్లగా ఎర్రబడి, ‘నా పని అయిపోతోంది’ అని ముందే చెప్పేది. ఇది ఆ కబురు కూడా పెట్టలేదు. పక్కింటివాళ్లు కొవ్వొత్తి తెచ్చేదాకా ఆవిడ చీకట్లో మెట్టు మీదే కూర్చున్నారు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, చేతులు రెయిలింగు వదల్లేదు. అప్పటినుంచి పెట్టె మీది అంకెల్ని నేను ఊరికే వదిలిపెట్టడం లేదు.

ఈ ప్రాంతం వాళ్లకి ఆ పట్టు మరీ అవసరం. టి. నగర్ అంటే 1920లలో మాంబళం చెరువు పూడ్చి కట్టిన పేట. పేరు పిట్టి త్యాగరాయ చెట్టిగారిది, నడిమధ్య పార్కు పానగల్ రాజావారిది. ఇద్దరూ మన తెలుగువాళ్లే. వాళ్ల పేర్లు నిలిచినట్టే చెరువు పల్లమూ నిలిచింది. గట్టి వాన పడితే నీళ్లు అటే చూస్తాయి. 2016 డిసెంబరులో వర్దా తుపాను, 2023 డిసెంబరులో మిచౌంగ్. రెండుసార్లూ నగరంలో ఎన్నో ఇళ్లు కరెంటు లేకుండా రాత్రుళ్లు గడిపాయి.

ఇక సలహాలు. అందరూ చెప్పేదానికి ఇవి ఎదురుగా ఉంటాయి. ఎదురుగా ఉండాలనే చెబుతున్నాను.

బల్ల మీద పది రకాలుంటే, పెట్టె మీద అన్నిటికన్నా చిన్న అంకె ఉన్నదాన్నే చేతిలోకి తీసుకోండి. పెద్ద అంకె వేయడానికి సిరా తప్ప ఖర్చు లేదు. పక్కవాళ్లందరూ లక్ష వేస్తుంటే ఒకడు 180 అని వేశాడంటే, ఆ ఒక్కడు ఎక్కడో ఏదో కొలిచి ఉంటాడు. అమ్మకం పోగొట్టే అబద్ధం ఎవరూ ఆడరు. 180 లూమెన్లు తక్కువేమీ కాదు. మన చిన్నప్పటి రెండు సెల్లుల లైటు అందులో పదోవంతు ఇచ్చి ఉంటే గొప్ప, దాంతోనే పొలాల గట్ల మీద నడిచారు.

లక్ష లూమెన్లంటే ఎంత వెలుగో ఇంట్లోనే చూసుకోవచ్చు. హాల్లో పెట్టుకునే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు దాదాపు 900 లూమెన్లు ఇస్తుంది. లక్ష అంటే అలాంటి బల్బులు నూటపది పైచిలుకు. కల్యాణమండపం మొత్తం వెలిగిపోవాలి. అది అరచేతిలో పట్టే గొట్టంలోంచి వస్తోందని పెట్టె అంటోంది.

పెట్టె మీద వాట్లు కూడా ఉంటే ఇంకా మంచిది, లూమెన్లని వాట్లతో భాగించండి. లక్షని నూరుతో భాగిస్తే వాటుకి వెయ్యి. ఇక్కడ ఆగి చూడాలి. ఒక వాటు శక్తి మొత్తం, రవ్వంత కూడా వేడిగా పోకుండా, మన కంటికి అన్నిటికన్నా బాగా ఆనే ఆకుపచ్చ వెలుగుగా మారినా 683 లూమెన్లే వస్తాయి. ఆ పైన ప్రకృతిలోనే లేదు. తెల్లటి వెలుగుకి ఆ హద్దు ఇంకా కింద ఉంటుంది. మంచి ఎల్‌ఈడీలు వాటుకి నూరు నుంచి నూటయాభై దాకా ఇస్తాయి. నీలం ఎల్‌ఈడీ చేసిన, జపానులో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ నీలం వల్లే ఈ తెల్ల వెలుగు సాధ్యమైంది. వాళ్లు కూడా వాటుకి వెయ్యి తేలేరు. కాబట్టి ఆ పెట్టెని తప్పుపట్టడానికి మీటరు అక్కర్లేదు. అందులోని రెండు అంకెలే ఒకదాన్నొకటి అబద్ధం చేసుకుంటున్నాయి. ఎనిమిదో తరగతి పిల్లలకి ఈ లెక్క ఇచ్చి చూశాను, అర నిమిషంలో పట్టేశారు.

షాపులో టార్చి వెలిగించి గోడ మీద చూడకండి. చూడకుండా ఎలా కొంటామంటారు. గోడ మీద చూస్తే మోసపోతారు కాబట్టే వద్దంటున్నాను. ఒక వెలుగు ఇంకోదానికన్నా నాలుగు రెట్లు ఎక్కువున్నా కంటికి రెండింతలుగా కూడా తోచదు. మన కన్ను అలా కట్టి ఉంది, లేకపోతే మిట్ట మధ్యాహ్నం నుంచి వెన్నెల దాకా తట్టుకోలేదు. పైగా అంగట్లో ట్యూబులైట్ల వెలుగు. నడిమధ్య చిన్న చుక్క తళుక్కుమంటే మనసు అక్కడే ఆగిపోతుంది. ఎదురుగా ఉన్న కుర్రాడు ముందు మూత లాగి జూమ్ చేసి చూపిస్తాడు. లెన్సు ముందుకు జరిపితే వెలుగు పెరగదు, ఒకచోట కుప్పపడుతుంది. అలా జరిపినప్పుడు పక్కలకి పోయే వెలుగులో కొంత లెన్సుకి తగలకుండా గొట్టంలోనే ఉండిపోతుంది కాబట్టి మొత్తం తగ్గుతుంది కూడా. గోడ మీద నలుచదరపు పసుపు మచ్చ కనబడిందా, అది ఎల్‌ఈడీ ముక్క బొమ్మే. అది చూసి కొనకండి.

దానికి బదులు వెలిగించి పిడికిట్లో బిగించండి. కళ్లు మూసుకున్నా పర్వాలేదు.

ఎల్‌ఈడీ తాగిన కరెంటులో సగానికి పైగా వేడిగానే తిరిగొస్తుంది, ఆ వేడి గొట్టంలోంచే బయటికి రావాలి. రేడియో రిపేరు చేసేవాళ్ల సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు. అది సీసాన్ని కరిగిస్తుంది. 100 వాట్ల టార్చి నిజమైతే ఆ ఐరన్లు రెండు మూడు కలిపి పట్టుకున్నట్టు ఉండాలి. పోయినసారి ఒక బల్ల దగ్గర ఆగాను. నెల్లూరు, తిరుపతి నుంచి పెళ్లి బట్టలకి వచ్చేవాళ్లతో మాట్లాడి మాట్లాడి ఇక్కడి పిల్లలకి తెలుగు వచ్చేసింది.

“ఎన్ని వాట్లు నాయనా?”

“నూరు వాట్లమ్మా. మిలిటరీ లైటు.”

“ఐదు నిమిషాలు వెలిగించి పట్టుకుంటాను, పక్కన నిలబడనా?”

“నిలబడండమ్మా. చెయ్యి మాత్రం కాలదు, గ్యారంటీ.”

ఆ అబ్బాయి నిజమే చెప్పాడు, చెయ్యి కాలలేదు. ఐదు నిమిషాలకి కాఫీ గ్లాసు చల్లారాక ఉండేంత వెచ్చన. అంటే రెండు మూడు వాట్లు, మహా అయితే ఐదు. వాడితో గొడవ పెట్టుకోకండి. పెట్టె అచ్చు వేసింది వాడు కాదు, ఎండలో పన్నెండు గంటలు నిలబడేది వాడు. నేను తీసుకున్నాను కూడా, ఐదు వాట్ల టార్చి అని తెలిసి, ఐదు వాట్ల ధరకి.

ఎంత దూరం పడుతుందని అడగకండి. ఎంతసేపు చార్జ్ చేయాలి అని అడగండి. దూరం గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. అమెరికాలో 2009లో టార్చి లైట్లకి ఎఫ్‌ఎల్‌1 అనే కొలత పద్ధతి పెట్టారు. దాని ప్రకారం ‘దూరం’ అంటే వెలుగు పున్నమి వెన్నెలంత, అంటే పావు లక్స్, మిగిలే చోటు. అక్కడ మనిషి కనబడతాడని కాదు. మాంబళం స్టేషను నుంచి బస్టాండు దాకా 2023లో తెరిచిన స్కైవాక్ 570 మీటర్లు. పెట్టె మీది కిలోమీటరు దాదాపు దానికి రెండింతలు. అంత దూరంలో పడిన వెన్నెలలో మీకేం కనబడుతుంది? రాత్రి మనకి కావాల్సిన దూరం మెట్ల అడుగు నుంచి పైదాకా, లేదా గేటు నుంచి మీటరు బోర్డు దాకా.

చార్జింగ్ సంగతి మాత్రం తీరిగ్గా చూడాలి, గుట్టంతా అక్కడుంది. ఈ టార్చిలలో వేసే లిథియం సెల్లుకి 18650 అని పేరు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు, ఆ కొలతలే దాని పేరు. ప్రపంచంలో పేరున్న కంపెనీలు ఆ సైజులో నింపగలిగింది 3,500 మిల్లీఆంపియర్ అవర్లు, ఏ కొంచెమో అటూ ఇటూ. దాన్ని 3.6 వోల్టులతో హెచ్చిస్తే పన్నెండున్నర వాట్-అవర్లు. రంగనాథన్ వీధిలో అదే సైజు సెల్లు మీద 8,800 అనీ 9,900 అనీ ఉంటుంది. గ్లాసు ఎంతో తెలిశాక అందులో రెండు గ్లాసుల పాలున్నాయంటే నమ్ముతామా? నిజమైన మంచి సెల్లే ఉందనుకుందాం. 100 వాట్లు తాగే టార్చిని అది ఏడున్నర నిమిషాలు వెలిగిస్తుంది. అలాంటి పెట్టెల మీద రాసే ఎనిమిది గంటలు వెలగాలంటే అలాంటివి అరవైకి పైగా కావాలి, వాటి బరువే మూడు కిలోలు.

ఇప్పుడు చార్జర్ వైపు రండి. ఫోను చార్జరు 5 వోల్టుల దగ్గర ఒక ఆంపియర్ ఇస్తే 5 వాట్లు. పన్నెండున్నర వాట్-అవర్ల సెల్లు దాంతో నిండాలంటే, మధ్యలో వృథా అయ్యేది కలుపుకుని మూడు గంటలు పడుతుంది. మీ టార్చికి నలభై నిమిషాల్లో పచ్చదీపం వచ్చిందంటే, అందులో పెట్టె చెప్పినదాంట్లో చిన్న ముక్కే ఉంది. సంతోషించకండి. మౌంట్ రోడ్డు పక్క రిచీ స్ట్రీటుకి వెళితే చార్జరుకీ వైరుకీ మధ్య పెట్టే చిన్న యూఎస్‌బీ మీటరు కొన్ని వందలకి దొరుకుతుంది, ఎంత లోపలికి పోయిందో అంకెల్లో చూపిస్తుంది. రెండొందల టార్చిని కొలవడానికి అంతకన్నా ఖరీదైన మీటరు కొనమంటున్నాను. అవును, కొనండి. టార్చి ఒక ఏడాది వస్తువు. ఆ మీటరు మీ ఇంట్లో ప్రతి ఫోను బ్యాటరీకీ, ప్రతి పవర్ బ్యాంకుకీ పదేళ్లు పనికొస్తుంది. అపార్టుమెంటుకి ఒకటి ఉన్నా చాలు.

సెల్లు బయటికి తీయగలిగితే తూచండి. వంటింటి డిజిటల్ కాటా సరిపోతుంది. మంచి 18650 సెల్లు 43 నుంచి 49 గ్రాముల మధ్య ఉంటుంది. 30 గ్రాముల దగ్గర ఆగితే, పైన రంగు కాగితం చుట్టుకున్న చిన్నది ఏదో లోపల ఉంది. బరువు సరిపోయినంత మాత్రాన మంచిదని కాదు, బరువు కోసం ఇసుక నింపినవీ పట్టుబడ్డాయి. అందుకే తూకం ఒక్కటే చూసి వదలకుండా చార్జింగ్ టైముతో కలిపి చూడమంటున్నాను. సెల్లుని మాత్రం కోయకండి, పొడవకండి, ఎండలో పెట్టకండి. లిథియం మంట బకెట్టు నీళ్లకి లొంగేది కాదు.

నా సలహాల్లో అందరూ మరీ తప్పుబట్టేది ఒకటుంది. ఒకే రకం టార్చిలు రెండు కొని, ఒకటి విప్పి పాడుచేయండి. వీధిలో నాలుగిళ్లు కలిస్తే, పాడయ్యేదాని ఖర్చు ఇంటికి అరవై రూపాయలు పడదు. ముందు మూత తిప్పి తీస్తే పెద్ద రిఫ్లెక్టరు మధ్యలో కందిగింజంత ఎల్‌ఈడీ కనబడుతుంది. దాని కింద రాగి పలకో అల్యూమినియం దిమ్మో ఉండి, అది గొట్టానికి గట్టిగా అంటుకుని ఉంటే వేడి బయటికి పోయే దారి ఉంది. పల్చటి రేకు ప్లాస్టిక్ మధ్య ఊగుతుంటే దారి లేదు, పెట్టె ఏమన్నా సరే దాన్ని ఐదు వాట్లకి మించి వాడలేరు. పెట్టె మీద ‘ఎక్స్‌హెచ్‌పీ70’ అనో ‘పీ90’ అనో అక్షరాలుంటే పట్టించుకోకండి. మొదటిది ఒక అమెరికా కంపెనీ ఎల్‌ఈడీ మోడలు పేరు, అలాంటి ముక్క ఒక్కటే ఈ టార్చి మొత్తం ధరని మించుతుంది. 1990లలో టేపు రికార్డర్ల మీద ‘1000 వాట్ల పీఎంపీఓ’ అని రాసేవారు గుర్తుందా? అవి గోడకి పెట్టిన రేడియోకన్నా ఎక్కువ మోగలేదు. ఆ వాట్లే ఇప్పుడు టార్చిలోకి మారాయి.

విప్పని రెండో టార్చిని రాత్రి బాత్‌రూములోకి తీసుకెళ్లండి. ఫోనులో లక్స్ కొలిచే యాప్ ఒకటి వేసుకోండి. ఫోను నేల మీద ఒకచోట పెట్టి, బల్బు వెలుగు నేరుగా తగలకుండా ఒక అట్ట అడ్డం పెట్టి, 9 వాట్ల బల్బు వెలిగించి అంకె రాసుకోండి. ఫోను కదపకుండా బల్బు ఆర్పేసి టార్చిని కప్పుకేసి నిలబెట్టండి. బల్బుకి 60 వచ్చి టార్చికి 20 వస్తే అది దాదాపు 300 లూమెన్లు. కచ్చితమైన లెక్క కాదు, నూటికి ముప్ఫై వంతులు తేడా రావచ్చు. లక్షకీ మూడొందలకీ మధ్య తేల్చుకోవడానికి అది చాలు. వెంటనే వచ్చిన అంకెతో ఆగకండి. అరగంట కూర్చుని ఐదు నిమిషాలకోసారి రాసుకోండి. చవక టార్చిలు మొదటి పావుగంటలోనే దిగిపోతాయి. పెట్టె మీద గంటలు లెక్కపెట్టే పద్ధతిలో ఒక తిరకాసు కూడా ఉంది. ఎఫ్‌ఎల్‌1 ప్రకారమే వెలుగు పదోవంతుకి పడిపోయేదాకా వెలుగుతున్నట్టే లెక్క. మీ లెక్క మీరు వేసుకోండి. మొదటి అంకెలో సగానికి వచ్చేసరికి గడియారం చూడండి.

పెట్టె పారేయకండి. 2011 నాటి ప్యాకేజీ వస్తువుల నియమాల ప్రకారం దాని మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, గరిష్ఠ ధర, తయారీ నెల, ఏడాది, ఫిర్యాదు చేయాల్సిన చోటు ఉండాలి. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ ఉంటే ‘ఆర్’ అక్షరం పక్కన ఎనిమిది అంకెలు కనబడతాయి. ఫోనులో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ నంబరు కొట్టి చూడండి. నగ మీది హెచ్‌యూఐడీ చూసుకునేది కూడా ఆ యాప్‌లోనే. ఆ నంబరు భద్రత గురించి చెబుతుంది, లూమెన్ల గురించి కాదు, ఆ తేడా మరవకండి. ఏమీ లేని పెట్టె మీద లక్ష అని అచ్చు వేసి ఉంటే 1915కి ఫోను చేయండి, జాతీయ వినియోగదారుల సహాయ నంబరు అది. 2019 వినియోగదారుల చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద పది లక్షల దాకా జరిమానా వేయనిస్తుంది. రెండొందల కోసం ఫిర్యాదేమిటని అనకండి. రెండొందలే కదా అని ఊరంతా ఊరుకుంటుందనే ధైర్యంతోనే ఆ అంకె అచ్చు వేశారు.

చివరి పని కొన్నాక ఇంట్లో చేసేది. నగకి బిల్లు దాచినట్టు టార్చికీ దాచాలి. మా ఇంట్లో మీటరు బోర్డు పక్క మేకుకి ఒకటి వేలాడుతోంది. దాని నడుము చుట్టూ తెల్ల ప్లాస్టరు, ప్లాస్టరు మీద బాల్‌పెన్నుతో రాసింది: ‘సెల్లు 46 గ్రా. బాత్‌రూములో 280. సగానికి 2 గం. 50 ని. మళ్లీ చార్జ్: ప్రతి నెల ఒకటో తేదీ.’ అత్తగారికి ఇప్పుడు చూపు ఆనదు. ఒకటో తేదీ పొద్దున కాఫీ తాగుతూ, “ఇవాళ లైటుకి పెట్టావా?” అని మాత్రం అడుగుతారు.